గింజ మీద రాయల్టీ, బొమ్మ మీద రాయల్టీ

గుంటూరు మిర్చి యార్డులో బస్తా మూతి విప్పి, పిడికెడు కాయను అరచేత పరచి, దాని రంగును తొడిమను సెల్‌ఫోనులో వీడియోగా తీసి దూరప్రాంతపు కొనుగోలుదారునకు పంపు కమీషను వ్యాపారికి, ఆ ఫోను వెలలో కొంత భాగము ఏ పరదేశపు సంస్థలకో పేటెంటు రుసుముగా చేరినదని తెలియదు. బిల్లులో జీఎస్టీకి ఒక పంక్తి యుండును గాని, బొమ్మను కుదించు విద్యకు చెల్లించిన రాయల్టీకి పంక్తి యుండదు. ఇదే నేలమీద, ఇరువదేండ్ల క్రిందట, ఇట్టి రుసుమే ప్రత్తివిత్తనాల ప్యాకెట్టు మీద పడినప్పుడు, రైతులు దాని లెక్క యడిగిరి. వారి పక్షమున రాష్ట్రప్రభుత్వము సైతము అడిగెను. అడిగినందువలన ఆ రుసుము కొన్ని వందల రూపాయలు దిగివచ్చెను. ఆవిష్కర్తకు ప్రతిఫలము ముట్టరాదని నేననను. తప్పించుకొన వీలులేని వస్తువు మీద విధింపబడు రుసుము ఎంతయో, ఎవరికి పోవుచున్నదో బహిరంగముగ తెలియవలెననియు, అది హెచ్చని తోచినప్పుడు తూచి చెప్పుటకు ప్రజలయెదుట బాధ్యతగల అధికారి యొకడుండవలెననియు మాత్రమే నా మనవి. గింజ విషయమున మనకు దక్కిన ఈ మర్యాద, బొమ్మ విషయమున దక్కలేదు.

ముందుగా ఆ బొమ్మ సంగతి. వీడియోను ఉన్నదున్నట్లుగా దాచుట అసాధ్యము. నేడు వాడుకలో నున్న హెచ్‌డీ కొలతలో, సెకనుకు 24 బొమ్మల చొప్పున, మూడు గంటల తెలుగు చిత్రమును కుదింపక భద్రపరచినచో అది 1,600 గిగాబైట్లను మించును; ఆ చిత్రమే మన ఫోనులో రెండు మూడు గిగాబైట్లలో ఒదిగియుండుట చూచుచున్నాము. ఇందులో ముఖ్యమైన ఉపాయములు రెండు. బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ మారిన భాగమును మాత్రమే నమోదు చేయుట మొదటిది. ప్రతి బొమ్మను చిన్న చిన్న చదరములుగా విభజించి, ఆ చదరములోని వెలుగునీడల హెచ్చుతగ్గులను కొలది అంకెలలోనికి ఇముడ్చుకొని, కంటికి ఆనని సూక్ష్మములను విడిచిపెట్టుట రెండవది. ఈ రెండవదానికి ఆధారమైన గణితమును డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అందురు. బెంగళూరున జన్మించి అమెరికాలో ఆచార్యుడైన నాసిర్ అహ్మద్ అను పండితుడు 1972లో ఈ పరిశోధనకు ధనసహాయము చేయుడని ఆ దేశపు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను కోరగా, వారు నిరాకరించిరి. ఐనను ఆయన పట్టు విడువక, మరుసటి వేసవిలో సొంత పూనికతో పనిచేసి, శిష్యుడైన టి. నటరాజన్‌తోను, మిత్రుడైన కె.ఆర్. రావుతోను కూడి, 1974 జనవరిలో ఆ ఫలితమును ఒక విద్వత్పత్రికయందు ప్రకటించెను. ఈ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మదరాసు గిండీ ఇంజినీరింగు కళాశాలలో చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో అర్ధశతాబ్దికి పైగా బోధించి, 2021 జనవరిలో కీర్తిశేషుడయ్యెను. లోకమునకంతకు నిత్యావసరమైన ఈ విద్యకు వారు పేటెంటు తీసికొనలేదు. పత్రికలో అచ్చువేసి అందరికిని ఇచ్చివేసిరి. మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఆ కామిశెట్టివారి పేరు కనబడకపోవుట నాకెప్పుడును చింతగానే యుండును.

మూలము ఉచితముగనే యున్నను, దానిమీద లేచిన కట్టడములకు కంచెలు పడినవి. 2003లో వెలువడిన హెచ్.264 అను ప్రమాణమునకు అనేక సంస్థల పేటెంట్లను ఒక్కచోట చేర్చి ఎంపెగ్ ఎల్‌ఏ అను సంస్థ లైసెన్సు లిచ్చెను. ఏటా మొదటి లక్ష పరికరములకు రుసుము లేదు, ఆ పైన పరికరమునకు 20 సెంట్లు, యాభై లక్షలు దాటినచో 10 సెంట్లు, కంపెనీకి ఏడాదికొక గరిష్ఠ పరిమితి. 2010లో, అంతర్జాలమున ఉచితముగ చూపు వీడియోలకు రుసుమడుగబోమని వారే ప్రకటించిరి. ధర్మమో కాదో చెప్పలేము గాని, ఈ లెక్క కాగితము మీద కనబడు లెక్క. 2013లో దాని వారసురాలైన హెచ్.265 వచ్చునప్పటికి కథ మారెను. పేటెంటుదారులు ఒక్క కూటమిలో ఇమడక చీలిరి. 2015లో రెండవ కూటమి, 2017లో మూడవ కూటమి లేచెను. కూటమిలోనికే రాక విడిగా నిలిచినవారు మరికొందరు. రెండవ కూటమి మొదట పరికరముల మీది రుసుముతో తృప్తిపడక, వీడియో చూపి సంపాదించు రాబడిలో అర శాతము సైతము కోరి, నలువైపుల నిరసన రాగా 2015 సంవత్సరాంతమునకే వెనుకకు తగ్గెను. ఎవరికి ఎంత చెల్లించిన ఋణము తీరునో తెలియని ఈ స్థితిని సహింపలేక, గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్, ఇంటెల్, మొజిల్లా, సిస్కో మొదలగు సంస్థలు 2015లోనే ఒక సంఘముగా నేర్పడి, రాయల్టీ లేని ఏవీ1 అను ప్రమాణమును నిర్మించి 2018లో విడుదల చేసినవి. కోట్లకు పడగలెత్తిన కంపెనీలే ఈ రుసుముల బాధను ఓర్వలేక వేరు బాట వేసికొనగా, శ్రీసిటీలో తయారైన ఫోనును కంతులమీద కొనుక్కొన్న అద్దంకి రైతుకూలీ ఆ భారములో తన వంతెంతయో అడుగ నోరు లేక యున్నాడు.

ఇక గింజ. ఉమ్మడి గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగళ్లలో ప్రత్తి ఎట్టి పంటయో చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు ప్రాంతములవారికి చెప్పనక్కరలేదు. 1980వ దశకమున తెల్లదోమ విజృంభించి, కొట్టిన మందు కొట్టినట్లే నిష్ఫలమై, 1987-88 నాటికి అప్పులపాలైన ప్రత్తిరైతులు ఈ రెండు జిల్లాలలో ఆత్మహత్యలకు పాల్పడిరి. ఆ తరువాతి దశకమున శనగపచ్చ పురుగు రాజ్యమేలెను. వారము తప్పక మందు కొట్టినను కాయ దక్కునను భరోసా లేకుండెను. అట్టి కాలమున, పురుగును తనలోనే చంపు గుణముగల బీటీ ప్రత్తికి 2002 మార్చి 26న కేంద్రము అనుమతినిచ్చెను. రైతులు దానికై ఎగబడుటలో వింత లేదు. మందుల ఖర్చు ఎంత తగ్గిన అంతే లాభమని వారెరుగుదురు. ఆ మొదటి యేండ్లలో పురుగు తగ్గినమాట నిజము, మందుల దుకాణముల గిరాకీ పలుచబడినమాటయు నిజము. ఈ మేలును ఒప్పుకొనకుండ రాయల్టీని గూర్చి వ్రాయువారిని నేను నమ్మను.

ఐతే 450 గ్రాముల ప్యాకెట్టు వెల 1,600 రూపాయలు దాటెను. అందులో 1,250 రూపాయల వరకు గుణమునకు విలువ, అనగా ట్రెయిట్ వాల్యూ అను పేర మాన్‌శాంటో, మహికోల ఉమ్మడి సంస్థయైన మహికో మాన్‌శాంటో బయోటెక్‌నకు పోవుచుండెను. విత్తనమును పండించిన రైతునకు, శుద్ధిచేసి సంచి కట్టిన కంపెనీకి, అమ్మిన దుకాణదారునకు కలిసి మిగిలినదానికంటె, ఒక్క జన్యువు వాటా పెద్దది. ప్యాకెట్టు ప్రక్కన 120 గ్రాముల మామూలు విత్తనముండు మరొక పొట్లమును, పొలము చుట్టు వేయుమని ఇచ్చెడివారు. పురుగులో నిరోధశక్తి పెరుగకుండుటకు అది అవసరము. దానిని వేసినవారికంటె గట్టుమీద పారవేసినవారే ఎక్కువ. పైగా మన దేశమున బీటీ గుణము సంకర విత్తనములలో వచ్చినందున, ఈ యేటి పంటనుండి గింజ తీసి మరుసటి యేడు నాటుకొను వీలు లేక, ఆ రుసుము ఏటేటా తప్పని కప్పమయ్యెను. అన్నిటికంటె వింత యేమనగా, బోల్‌గార్డ్ అను పేర అమ్మిన ఆ మొదటి తరపు జన్యువునకు భారతదేశమున పేటెంటే లేదు. రుసుమునకు ఆధారము చట్టము ప్రసాదించిన హక్కు కాదు. విత్తన కంపెనీలు వ్రాసి యిచ్చిన ఒప్పందము మాత్రమే. మన నూజివీడు పేర వెలసి బన్నీ, మల్లిక రకములతో పల్లెపల్లెకు చేరిన నూజివీడు సీడ్స్ సంస్థయు 2004 ఫిబ్రవరిలో అట్టి ఒప్పందమునకే సంతకము చేసెను.

2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన పని, దేశచరిత్రలో విశేషమైనది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా, రఘువీరారెడ్డి వ్యవసాయశాఖమంత్రిగా ఉన్న ఆ ప్రభుత్వము, నిర్బంధ వ్యాపారపద్ధతులను విచారించు ఎం.ఆర్.టి.పి. కమిషను నాశ్రయించి, ఇతర దేశములలో ఈ జన్యువునకు తీసికొనుచున్న రుసుము ఇంతకంటె ఎంతో తక్కువ గదా, మా రైతుమీదనే ఈ భారమేల యని వాదించెను. ఆ యేడు మే 11న కమిషను ఆ రుసుమును తగ్గింపుడని మధ్యంతర ఉత్తరువు నిచ్చెను. వెంటనే రాష్ట్రము ప్యాకెట్టు వెలను 750 రూపాయలుగా నిర్ణయించెను. ఇతర రాష్ట్రములును అనుసరించినవి. మరుసటి యేడు మన శాసనసభ ప్రత్తివిత్తనముల ధర నిర్ణయమునకు ప్రత్యేక చట్టమునే చేసెను. మహికో మాన్‌శాంటో సంస్థ న్యాయస్థానములకు పోయెను. కాని ఖరీఫు ఆగదు గదా, విత్తనము ఆ ధరకే అమ్ముడుపోయెను. ఇరుపక్షముల న్యాయవాదులును చెప్పిన ధర్మసూక్ష్మములకంటె, విత్తనము అమ్ముకొననిచో మిగులు నష్టమే ఆ సంస్థను ఒప్పించినదని నా యూహ.

రెండవ తరపు బోల్‌గార్డ్ 2006లోనే వచ్చెను. దీనికి 2008లో పేటెంటు దక్కెను. దరఖాస్తు 1999 నాటిది కావున దాని యాయుష్షు 2019 నవంబరుతో ముగిసెను. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము నిత్యావసర వస్తువుల చట్టము క్రింద ప్రత్తివిత్తనముల ధర నియంత్రణ ఉత్తరువును జారీచేసి, 2016 మార్చిలో ప్యాకెట్టు వెలను 800 రూపాయలుగను, అందులో గుణపు విలువను 49 రూపాయలుగను గెజిట్టున ప్రకటించెను. అంతకుముందది 163 రూపాయలు. ఆ పిదప అది 39కి, 20కి దిగి, 2020లో సున్న యయ్యెను. ఈలోగా నూజివీడు సీడ్స్‌తో రుసుము తగాదా ముదిరి, 2015 నవంబరులో మాన్‌శాంటో పక్షము లైసెన్సును రద్దుచేసెను. వ్యాజ్యము ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు చేరెను. 2018 ఏప్రిల్ 11న ద్విసభ్య ధర్మాసనము, మొక్కలకు విత్తనములకు పేటెంటు లేదను చట్టనియమము క్రింద ఆ పేటెంటే చెల్లదనెను. 2019 జనవరి 8న సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చి, సాక్ష్యము తీసికొని సావకాశముగ విచారింపుడని వెనుకకు పంపెను. విచారణ తేలకమునుపే పేటెంటు గడువు తీరెను, 2021లో ఉభయులును రాజీపడిరి. గింజకు పేటెంటు చెల్లునా చెల్లదా యను ప్రశ్న నేటికిని తీరనేలేదు. న్యాయస్థానము తేల్చలేని ప్రశ్నను పక్కనబెట్టి రైతుభారమును మాత్రము తగ్గించినది, ఆ నాలుగు పంక్తుల గెజిట్టు ప్రకటన.

దీనికి ప్రతివాదము లేకపోలేదు, అది తేలికదియు కాదు. ధరకు కళ్లెము వేసిన పిమ్మట, కలుపుమందునకు తట్టుకొను మూడవ తరపు విత్తనమునకై మన దేశమున పెట్టుకొన్న దరఖాస్తును మాన్‌శాంటో పక్షము 2016లో వెనుకకు తీసికొనెను. ఫలితముగ, అనుమతి లేని ఆ విత్తనము ఏ చీటీ, ఏ పూచీ లేక దొంగచాటుగ మన పల్లెలకు వచ్చి చేరుచున్నది; మొలకెత్తకపోయినచో రైతు ఎవరిమీదను దావా వేయలేడు. రుసుము నణచిన, కొత్త విద్య రాదను వారి హెచ్చరికలో ఇంత నిజమున్నది. కాని మరొకవైపు చూడుడు: గులాబీరంగు పురుగు మొదటి తరపు జన్యువును జయించిన సంగతి గుజరాతులో 2010 నాటికే బయటపడెను, రెండవ తరమును సైతము 2017 నాటికి అది విరివిగా జయించెను. గుణము పనిచేయుట మానిన తరువాతను గుణపు విలువ ప్యాకెట్టులో కొన్నాళ్లు నడచెను. విద్య పదును తగ్గినకొలది దాని రుసుమును తగ్గింపవలెనను నియమమే ఏ ఒప్పందములోను రైతుపక్షమున వ్రాయబడలేదు. గెజిట్టు లేకున్న ఆ తగ్గుదల వచ్చెడిది కాదు.

రుసుమును బహిరంగముగ నిర్ణయించిన మరొక ఉదంతమునకు సైతము గుంటూరు జిల్లాతో చుట్టరికము కలదు. పొన్నూరు చేరువనున్న గొల్లమూడిపాడున పుట్టిన నన్నపనేని వెంకయ్యచౌదరి స్థాపించిన నాట్కో సంస్థకు, కాలేయ, మూత్రపిండముల క్యాన్సరునకు వాడు బేయర్ కంపెనీ మందు విషయమున, 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలరు నిర్బంధ లైసెన్సు నిచ్చెను. నెలకు 2,80,000 రూపాయలు దాటిన మందు 8,880 రూపాయలకు వచ్చెను. బేయర్‌నకు అమ్మకములో 6 శాతము రాయల్టీ నీయవలెనని కంట్రోలరు చెప్పగా, అప్పీలులో అది 7 శాతమయ్యెను. ఆవిష్కర్తకు వాటా అందెను, ఆ వాటా ఎంతయో దేశమంతయు చదివెను. ఆ నిర్ణయమునకు ముఖ్యాధారములలో నొకటి, పేటెంటుదారు తన పేటెంటును దేశమున ఎట్లు వినియోగించుచున్నాడో తెలుపుచు దాఖలుచేయవలసిన ఫారము 27. ఈ ఫారము సంగతి మరల ఎత్తుకొందును.

బొమ్మ రాయల్టీ విషయమున ఇట్టి వెలుగేమియు లేదు. 2020లో ఇంటర్‌డిజిటల్ అను అమెరికా సంస్థ షావోమి మీద ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున వేసిన దావాలలో ఒకటి హెచ్.265 పేటెంట్లను గూర్చినదే. ఇతర కంపెనీలతో తాము చేసికొన్న లైసెన్సు ఒప్పందములను ప్రతివాదియైన కంపెనీ మనుష్యులకు సైతము చూపక, బయటి న్యాయవాదులకు నిపుణులకు మాత్రమే చూపవలెనని హక్కుదారు కోరెను. ఒకప్రక్క ప్యాకెట్టులోని 49 రూపాయలను ఏ రైతైనను గెజిట్టులో చదువుకొనగలుగగా, మరియొకప్రక్క ఫోనులోని రుసుమును ఫోను తయారుచేసినవాడే చూడరాదట! 2021లో ఉభయులును రాజీపడిరి. ఎంతకు పడిరో వినియోగదారునకు తెలియదు. మాటను కుదించు విద్య మొదలగువాని విషయమున ఎరిక్‌సన్ సంస్థకు లావా అను దేశీయ ఫోను కంపెనీ 244 కోట్ల రూపాయలు చెల్లింపవలెనని అదే న్యాయస్థానము 2024 మార్చిలో తీర్పు చెప్పెను. దావా వేసినది 2015లో. ఈ తొమ్మిదేండ్లలో చేతులు మారిన ఫోనులెన్నియో, ఆ కంపెనీ బజారులో వెనుకబడిన తీరెట్టిదో పాఠకులెరిగినదే.

ఇట్టి రుసుములను పోటీ కమిషను విచారించునని కొంతకాలము ఆశ యుండెను. ఎరిక్‌సన్‌మీదను, మాన్‌శాంటోమీదను ఆ కమిషను విచారణకు పూనుకొనగా, రెండు తగాదాలను కలిపి 2023 జులై 13న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, పేటెంటు లైసెన్సుల వ్యవహారమున పేటెంట్ల చట్టమే పైచేయి గాని పోటీ కమిషనునకు ప్రవేశము లేదనెను. ప్రత్తిగింజయు సెల్‌ఫోనును ఒక్క తీర్పులో ఒక్కచోట నిలబడుట, ఈ రెండింటికిని నేను ముడిపెట్టుటను ఆక్షేపించువారికి జవాబు కాగలదు. ఐతే ఆ తీర్పు తరువాత గింజకు నిత్యావసర వస్తువుల చట్టమైనను మిగిలియున్నది. ఫోనునకు అదియు లేదు.

ఫోనుల ధరను సైతము ప్రభుత్వమే నిర్ణయింపవలెనని నేననబోను. వేలకొలది పేటెంట్లు కలిసిన వస్తువునకు అది సాధ్యమును కాదు, క్షేమమును కాదు. చేయదగినది చిన్న పని. ఫారము 27లో పూర్వము, ఆ యేడు ఎవరెవరికి లైసెన్సు లిచ్చితిరి, ప్రజల యవసరము సరసమైన ధరకు తీరినదా యను ప్రశ్న లుండెడివి. 2020లో వానిని తొలగించిరి. 2024లో ఏటా దాఖలుచేయు నియమమును సైతము మూడేండ్ల కొకసారిగా సడలించిరి. వ్యాపారమునకు సౌకర్యమని చెప్పిరి గాని, నాట్కో వ్యవహారమున కంట్రోలరు చేతికి దీపమిచ్చిన కాగితమే అది. ఆ ప్రశ్నలను మరల చేర్చి, ప్రమాణములలో చేరిన పేటెంట్లకైనను పరికరమునకింతయని రుసుమును ప్రకటింపవలెనను నిబంధనను విధింపవలెను. పార్లమెంటులో మన ఇరువైపుల సభ్యులు ప్రత్తిధరపై కనబరచు శ్రద్ధలో పదియవ వంతు చాలును.

రెండవది మన రాష్ట్రము చేతిలోనిదే, ఢిల్లీ యనుమతి యక్కరలేనిది. రైతు సేవా కేంద్రములకు వ్యవసాయశాఖ పంపు వీడియోలు, లాం పరిశోధనాస్థానము వారి మిరప, ప్రత్తి పాఠములు, బడిపిల్లల తరగతి పాఠములు, ప్రజాధనముతో నిర్మింపబడి ప్రజలకై విడుదలగు బొమ్మలే. ఏవీ1 వంటి రాయల్టీ కోరని ప్రమాణములో వానిని విడుదల చేయుదుమని, పాత ఫోనులకై హెచ్.264 ప్రతిని ప్రక్కన ఉంచుదుమని ఒక్క జీవో ఇచ్చిన చాలును. ఏవీ1 మీద సైతము రుసుమడుగు కూటమి యొకటి ఇప్పటికే తల యెత్తినదన్న ఆక్షేపణ రావచ్చును; వచ్చినను, ఆ కూటమి అడుగు మొత్తమెంతయో టెండరు పత్రములో వ్రాయింపుడని సమాచార సాంకేతికశాఖ కోరుటకు అడ్డమేమియు లేదు. 2006లో గింజ ప్యాకెట్టు వెలను విడదీసి అడిగిన ప్రభుత్వమునకు వారసులైన వారు, తమ పిల్లలబళ్లకు వేలకొలది ట్యాబులు కొనునప్పుడు ఆ ఒక్క పంక్తి వేరుగ చూపుమని అమ్మకందారు నడుగుట ఈ సంవత్సరమే మొదలుపెట్టవచ్చును.